ఏడో వారం సీసా

పొద్దున్నే గుమ్మంలోకి వచ్చి, ఒకసారి గట్టిగా గాలి పీల్చి, తలుపు వెనక వేలాడే చీటీ మీద ఒక అంకె వేసి, ఆ తర్వాతే పళ్ళు తోముకోవడం ఆ వీధికి అలవాటైపోయింది. సున్నా వేస్తే వాసన లేదని. మూడు వేస్తే కిటికీలు మూసుకోవాలని. ఐదు వేస్తే, తోముకున్న పళ్ళు మళ్ళీ తోముకోవలసి వస్తుందని. మధ్యాహ్నం ఒక అంకె, సాయంత్రం ఒక అంకె. ఇరవయ్యారు ఇళ్ళు, ఇంటికి రోజుకు మూడేసి అంకెలు.

వీధి చివర జిగురు ఫ్యాక్టరీ ఉంది. ఎముకలు ఉడికించి జిగురు తీస్తారు. ఎముకలంటే శుభ్రంగా కడిగి ఎండబెట్టినవనుకునేరు! అంత అదృష్టం కూడానా. మాంసం ఇంకా అంటుకుని ఉన్నవి, నాలుగు రోజులు ఎక్కడో గుట్టగా పడి ఉన్నవి, లారీల్లో వస్తాయి. లారీ వెనక నుంచి చిక్కటి నీళ్ళు కారుతూ వీధి పొడవునా ఒక గీత పడుతుంది. ఆ గీత మీద ఈగలు ముసురుతాయి. అవే ఈగలు తర్వాత పిల్లల మూతుల మీద వాలతాయి. బాయిలరు తెరిచినప్పుడు వచ్చే కంపు ముక్కుతో ఆగదు. గొంతులోకి దిగి జిడ్డులా పేరుకుంటుంది. ఉతికిన బట్టలో ఉంటుంది, దువ్విన జుట్టులో ఉంటుంది, తాగే గ్లాసు అంచున ఉంటుంది. చుట్టాలు వస్తే కూర్చోరు. కూర్చున్నా కాఫీ ముట్టరు.

వీధివాళ్ళు ఎన్ని అర్జీలు పెట్టినా ఆఫీసులో ఒకటే మాట. "వాసన వాసన అంటున్నారు, ఏదీ చూపించండి" అని. ఆ మాట అన్నవాడి ముక్కు ఏ రాయితో చేశారో గాని, అది విన్న రోజే సీసాలక్క పంతం పట్టింది. ఆవిడ బడిలో సైన్సు ల్యాబ్ అటెండరు. ఇరవై రెండేళ్ళ సర్వీసు. హెడ్మాస్టరును అడిగి, మూలన పడి ఉన్న పాత మందు సీసాలన్నీ అట్టపెట్టెల్లో ఇంటికి తెచ్చుకుంది. అప్పటి నుంచే ఆ పేరు.

మూతలు బిగించేది ఆవిడ అత్తగారు. కొందరి చేత్తో నాటితే ఎండు పుల్లైనా చిగురేస్తుంది. ఈవిడ చేత్తో మూత పెడితే వాసన నిలుస్తుంది. నెలలు గడిచినా పాడవదు, తగ్గదు. మళ్ళీ మూత తీస్తే అటూ ఇటూ చెదిరిపోకుండా, తను ఎవరిదో వాళ్ళ దగ్గరికి నడిచి వెళ్ళి అక్కడే కూర్చుంటుంది. పెళ్ళికి ముందు ఆవిడ వాళ్ళ నాన్న పొగాకు కాజేస్తున్న బాబాయిని అలాగే పట్టించిందట. వీధిలో దీని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడుకోరు. "ముసలావిడ మూతలు బాగా బిగిస్తుంది" అంటారు, అంతే. మందు సీసా మూత రాకపోయినా ఆవిడ దగ్గరికే పంపుతారు.

పద్ధతి సీసాలక్కది. ప్రతి మంగళవారం ప్రతి ఇంటి గుమ్మంలో రెండు సీసాలు పట్టేది. ఒకటి ఆ సాయంత్రమే మేడ మీద తెరిచి, వాసన ఎటు పోతుందో చూసి రాసుకునేది. రెండోది ఆఫీసువాళ్ళు పెట్టబోయే విచారణ రోజు కోసం అరలో పెట్టేది. పన్నెండు వారాలకు తెరవని సీసాలు మూడు వందల పన్నెండు అయ్యాయి. మొదటి రోజే ఇంటింటికీ ఒక మాట ఇచ్చింది. "మీ ఇంటి గాలి మీది. ఎవరింట్లోంచి ఏమొచ్చిందో నా నోటి నుంచి బయటికి పోదు. ఏ కాగితం మీదా మీ నంబరు ఉండదు." అన్నట్టే పట్టికలో ఇళ్ళకు నంబర్ల బదులు బొమ్మలు వేసింది. ఒకరికి గొడుగు, ఒకరికి తాళంచెవి, ఒకరికి దువ్వెన. సీసా మూతల మీదా అవే బొమ్మలు.

కాని ల్యాబ్ చెయ్యి ఊరుకుంటుందా. ఏనాడో చీటీ లేని సీసాలో ఉన్నది నీళ్ళే అనుకుని యాసిడ్‌తో చెయ్యి కాల్చుకున్న మనిషి. చీటీ లేని సీసా కనిపిస్తే ఆవిడకు నిద్ర పట్టదు. అందుకని ప్రతి సీసా మీదా వారం, వేళ, గాలి వాటం, కిటికీలు తెరిచి ఉన్నాయా మూసి ఉన్నాయా, చివర ఇంటి నంబరు, అన్నీ గుండ్రటి అక్షరాలతో రాసి అంటించేసింది. పట్టికలో అంత జాగ్రత్తగా దాచిన నంబరు సీసా మీద దర్జాగా కూర్చుంది. మూతలు తీసేది అత్తగారే, చీటీలు ఎవరు చదువుతారులే అనుకుంది.

ఏడో వారం ఫ్యాక్టరీ బాయిలరు చెడిపోయింది. వారం రోజులు పొయ్యి వెలగలేదు, లారీ రాలేదు. జనం గుమ్మాల్లో కుర్చీలు వేసుకుని ఊరికే గాలి పీలుస్తూ కూర్చున్నారు. ఇరవై ఐదు ఇళ్ళవాళ్ళు సున్నా వేశారు. పదిహేడో ఇంట్లో మాత్రం పొద్దున ఐదు, మధ్యాహ్నం ఐదు, సాయంత్రం ఐదు.

పదిహేడో ఇల్లు ఇస్త్రీ ఆమెది. ముందు గదిలో బల్ల, బొగ్గుల పెట్టె, చుట్టూ పది వీధుల బట్టలు. వెనక గదిలో మంచాన పడ్డ మొగుడు. ఆ మంగళవారం వాన కురుస్తోందని సీసాలక్క గుమ్మంలో ఆగకుండా లోపలికి వెళ్ళి, కిటికీలు మూసి ఉన్న ముందు గదిలోనే రెండు సీసాలు పట్టింది. ఇస్త్రీ ఆమె గబగబా వెళ్ళి వెనక గది తలుపు దగ్గరికి లాగింది.

సాయంత్రం మేడ మీద ఒక సీసా తెరిచీ తెరవగానే సీసాలక్క దాన్ని ముఖానికి దూరంగా పట్టుకుంది. ఎముకల కంపు ఆవిడకు అలవాటే. ఇది వేరు. తియ్యగా, వెచ్చగా, బతికున్న ఒంటి మీద కుళ్ళే కండ వాసన. అది ఫ్యాక్టరీ వైపు చూడనైనా చూడలేదు. మెట్లు దిగి, వాన నీళ్ళు దాటుకుంటూ, పదిహేడో నంబరు తలుపు కిందుగా లోపలికి దూరింది. సీసాలక్క దాని వెనకే వెళ్ళి తలుపు తట్టింది.

ఇస్త్రీ ఆమె ముఖం చూడగానే అర్థమైపోయింది, ఇక అడగడానికేమీ లేదని.

"ఎన్నాళ్ళ నుంచి వదినా?"

"ఐదు నెలలు." ఇస్త్రీ ఆమె గొంతు తగ్గించింది. "షుగరు పుండు. అరికాలి నుంచి మడమ దాకా వచ్చింది. మందులకు తగ్గేది కాదు, ఆస్పత్రిలో చేర్పించమన్నారు. ఇంకా ఆగితే మనిషే దక్కడన్నారు."

"మరి ఆగడం ఎందుకు?"

"ఆయన కదలడు వదినా. మొదట్లో కట్టు కట్టడానికి కాంపౌండరు వచ్చాడు. ముక్కుకు గుడ్డ కట్టుకుని, మొహం అటు తిప్పుకుని, చీపురుపుల్లతో తీసినట్టు తీశాడు. ఆ రోజు నుంచి ఎవర్నీ చూడనివ్వడు. బస్సు కండక్టరుగా చేసినన్నాళ్ళూ పూటకో చొక్కా మార్చిన మనిషి. కట్టు మార్చేటప్పుడు నా మొహంలోకే చూస్తూ ఉంటాడు. నేను ఊపిరి బిగబట్టి నవ్వుతాను. ఎంతసేపని నవ్వను?"

"ఫ్యాక్టరీ లేనప్పుడు కూడా ఐదు వేశావు."

"ఎప్పుడూ ఐదే వేస్తాను. బట్టలిచ్చేవాళ్ళు ముక్కు ముడిస్తే ఫ్యాక్టరీ అండీ అంటాను. ఆ పాడు ఫ్యాక్టరీ మూతపడాలని దండం పెట్టుకుంటాను, మూతపడితే నా గతేమిటని ఏడుస్తాను. ఈ గదిలో పుండు ఉందని తెలిస్తే ఒక్క చొక్కా అయినా పడుతుందా ఈ బల్ల మీద?"

కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని ఊరికే అనలేదు. సీసాలక్క ఆమె చెయ్యి పట్టుకుంది. "ఆ సీసా ఎవరిదో ఈ వీధిలో ఎవరికీ తెలియదు. నా మాట నమ్ము."

మాటైతే ఇచ్చింది. మరి పట్టికలో ఉన్న ఐదు? అది కొట్టేస్తే పట్టికే అబద్ధమవుతుంది. ఒక్క అంకె మనకు నచ్చలేదని కొట్టేసినవాళ్ళు రేపు ఇంకో పది కొట్టేస్తారు. అందుకని పదిహేడో ఇంటి దువ్వెన బొమ్మకు ఎదురుగా ఏడో వారం ఐదు అలాగే ఉంచి, పక్కన "ఇది ఫ్యాక్టరీది కాదు" అని రాసింది. రెండో సీసాను అరలో గోడవైపు తిప్పి పెట్టింది. పారబోయడానికి మాత్రం చెయ్యి రాలేదు.

విచారణకు రెండు రోజుల ముందు మైకాయన వచ్చాడు. వీధి సంఘానికి అధ్యక్షుడు. మైకు లేకుండా ఇంట్లో భార్యతో కూడా మాట్లాడలేడని ప్రతీతి. మూడు నెలల్లో తన ఇంటి చీటీ మీద ఒక్క అంకె వేసి ఎరగడు, అది కూడా భార్యే వేసేది. వచ్చీ రాగానే పట్టిక అందుకుని పెదవి విరిచాడు.

"ఈ సున్నాలేమిటమ్మా మధ్యలో? ఇన్ని సున్నాలు చూస్తే మనది ఒక సమస్య అనిపిస్తుందా?"

"వాసన లేని రోజున లేదనే రాశాం బాబాయిగారూ."

"లేని రోజు సంగతి వాళ్ళు చెప్పుకుంటారు. మనకెందుకు? సున్నాలు పక్కన పడెయ్యి. ఈ రెండ్లనీ మూడ్లనీ ఐదు చేసెయ్. రేపు పేపరువాళ్ళు వస్తున్నారు."

"పొయ్యి ఆరిన వారం సున్నా, పొయ్యి వెలిగిన వారం నాలుగు. ఆ సున్నా లేకపోతే ఈ నాలుగు ఎవరివల్ల వచ్చిందని చెప్తారు?"

"నువ్వు ల్యాబులో సీసాలు కడుక్కునేదానివి. నాకు ప్రజాజీవితం ముప్పై ఏళ్ళు." మైకాయన అరల వెంట నడుస్తూ, బేరానికొచ్చినవాడిలా సీసాలను వేలితో మీటాడు. "మనకు గెలుపు కావాలి. గెలిచాక ఎవడూ లెక్క అడగడు."

అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు, ఇరవయ్యారు ఇళ్ళ గాలిని పేపరుకు పంచిపెట్టడానికి తయారయ్యాడు ఆయన. సీసాలక్కకు ఒళ్ళు కంపరమెత్తింది. ఎముకల లారీకీ ఈయనకూ తేడా ఏమిటో ఆవిడకు ఆ నిమిషాన తోచలేదు. "అంకెలు మారవు" అని మాత్రం చెప్పింది. మూలన కూర్చున్న అత్తగారు, "మారిస్తే మూతలు నేను తీయనివ్వను నాయనా" అంది.

విచారణ వీధి మలుపు అవతలే ఉన్న పెద్ద హాల్లో. ముందు బల్ల దగ్గర అధికారిణి. ఒక పక్క ఫ్యాక్టరీ మేనేజరు, సెంటు పూసిన చేతిరుమాలుతో. ఇంకో పక్క మైకాయన, మైకుతో. మధ్యలో పెట్టెల్లో మూడు వందల పన్నెండు సీసాలు. వెనక బెంచీల మీద వీధంతా. ఇంటికొకరు రావాలన్నారు కాబట్టి చివరి వరసలో ఇస్త్రీ ఆమె కూడా కూర్చుంది.

పట్టిక నకళ్ళు ఇరుపక్షాలకూ ఇచ్చారు. అధికారిణి తనకు తోచిన సీసాలు తీయమంది. మూడో వారం, తాళంచెవి. అత్తగారు మూత తిప్పింది. కుళ్ళిన ఎముకల కంపు బల్ల దిగి, సిమెంటు నేల మీదుగా నడిచి, మేనేజరు కోటు చేతి మీద కూర్చుంది. ఆయన దులిపాడు. పోలేదు. తొమ్మిదో వారం, గొడుగు. అది ఆయన మెడ చుట్టూ చేరింది. పదో వారం, పదకొండో వారం. మేనేజరు పక్కన కూర్చున్న గుమాస్తా కుర్చీ మెల్లగా దూరం జరిపాడు. తర్వాత అధికారిణి ఏడో వారంవి ఐదు తీయించింది. మూతలు తీశారు, ఏమీ రాలేదు. ఉత్త గాలి.

"ఆ వారం ఏం జరిగింది?" అధికారిణి అడిగింది.

"బాయిలరు ఆగిపోయింది మేడమ్" అంది సీసాలక్క. అధికారిణి ఏదో రాసుకుంది. మైకాయన ఆ సున్నాలు తనే కనిపెట్టినట్టు తల పంకించాడు.

చేతిరుమాలు ముక్కుకు అదుముకుంటూనే మేనేజరు పట్టిక మీద వేలు పెట్టాడు. "ఏడో వారం అందరూ సున్నా. ఈ దువ్వెన ఎవరు? ఐదట. మా పొయ్యి వెలగని వారం కూడా కంపు కొట్టిందంటే ఆ కంపు ఎవరిది? వీళ్ళ ఇళ్ళలోదే. ఒళ్ళు కడుక్కోరు, మా మీద పడి ఏడుస్తారు. ఆ సీసా తీయండి. ఎవరి దగ్గరికి పోతుందో అందరం చూద్దాం."

హాలంతా వెనక్కి తిరిగి ఒకళ్ళ ముఖాలు ఒకళ్ళు చూసుకున్నారు. ఎవరు, ఎవరు అని గుసగుసలు. నిన్నటిదాకా ఒకే కంపు కింద నలిగినవాళ్ళే. ఆ కళ్ళల్లో జాలి లేదు, ఆత్రం ఉంది. పక్కింటి కుళ్ళు చూడటానికి మనిషికి ఉండే ఆత్రమంత రోత ఇంకోటి లేదు. చివరి వరసలో ఇస్త్రీ ఆమె రెండు చేతులూ ఒళ్ళో బిగించి నేలకేసి చూస్తోంది.

"మేడమ్, అది ఫ్యాక్టరీది కాదని మేమే రాశాం" అంది సీసాలక్క. "మా లెక్కలోంచి అది తీసేయండి. ఒప్పుకుంటున్నాం. ఎవరిదో మాత్రం అడక్కండి. చెప్పనని మాటిచ్చాను."

"దాస్తున్నారు!" అన్నాడు మేనేజరు.

"దాచడానికేముంది? ఐదు, ఐదే!" మైకాయన ఏడో వారం పెట్టెలోంచి దువ్వెన బొమ్మ ఉన్న సీసా లాగేశాడు. అంకె ఐదని తప్ప ఆయనకు ఇంకేమీ ఎక్కలేదు. "వాళ్ళ కంపే, వాళ్ళ దగ్గరికే పోతుంది, చూడండి!" చీటీని కళ్ళకు దగ్గరగా పెట్టుకుని, మైకులో చదవడం మొదలుపెట్టాడు. "ఏడో వారం. మంగళవారం. మధ్యాహ్నం రెండు. వాన. కిటికీలు మూసి ఉన్నాయి. ఇంటి నంబరు..."

నా చెయ్యి విరగ, అనుకుంది సీసాలక్క. బల్ల దాటి వెళ్ళి సీసా లాక్కుంది. చీటీ చింపి నోట్లో కుక్కుకుంది. కాని మైకాయన బొటనవేలు అప్పటికే మూతను సగం తిప్పేసింది. మూత సందులోంచి తియ్యటి కుళ్ళు సన్నగా తల బయటపెట్టి, వెనక వరస వైపు తిరుగుతోంది. మళ్ళీ బిగిద్దామంటే అత్తగారు మూడు బారల దూరంలో ఉంది.

సీసాలక్క మూత పూర్తిగా తీసేసి, సీసా మూతిని ముక్కుకూ నోటికీ అదిమి పెట్టుకుని, ఒక్క గుక్కలో మొత్తం పీల్చేసింది.

పేగులు నోట్లోకి వచ్చాయి. కళ్ళల్లోంచి నీళ్ళు కారాయి. కుళ్ళు గొంతు గోడల వెంట కిందికి దిగుతుంటే ఆ చీము వెచ్చదనం కూడా తెలిసింది. వాంతి చేస్తే బయటపడుతుంది, బయటపడితే నడిచిపోతుంది. అందుకని పళ్ళు బిగించి మింగింది. పెదాలు మూసి, రెండు వేళ్ళతో ముక్కు పట్టుకుని నిలబడింది. హాలు మొత్తం ఛీ అంది. మైకాయన రెండడుగులు వెనక్కి వేసి, "పిచ్చి పట్టిందా నీకు?" అన్నాడు, అదీ మైకులోనే.

అత్తగారు లేచి, ఖాళీ సీసా తీసుకుని అధికారిణి బల్ల మీద పెట్టింది. "ఒకటి పోయిందమ్మా. మూడు వందల పదకొండు ఉన్నాయి. కావాలంటే ఇంకా తీయనివన్నీ తీస్తాను."

అధికారిణి ఖాళీ సీసాను చూసింది, సీసాలక్క ముఖం చూసింది, చేతిరుమాలు ముద్దలా నలుపుతున్న మేనేజరును చూసింది. "చాలు" అని, కలం తీసుకుంది. "ఉపసంహరించుకున్నది ఒకటి. మిగతావన్నీ స్వీకరిస్తున్నాను. ఫ్యాక్టరీవారు కుర్చీలోంచి లేవకండి, మీతో పని ఉంది."

హాలంతా మేనేజరు వైపు తిరిగింది. ఆ తర్వాత అక్కడ ఏం జరిగిందో సీసాలక్క చూడలేదు. లోపలిది ఆవిణ్ణి లాగుతోంది. తన ఇంటికి పోవాలని పట్టుబట్టి, కడుపులోంచి తాడు కట్టి ఈడ్చినట్టు ఈడ్చింది. గాలి కోసం గుండె కొట్టుకుంటున్నా పెదాలు విప్పకుండా హాలు దాటి, వీధి మలుపు తిరిగి, లారీ వదిలిన నల్లటి గీత మీదుగా ఈగల్లోంచి నడిచింది. వెనక ఇస్త్రీ ఆమె పరుగు అడుగులు వినిపిస్తున్నాయి. తాళం తీసింది ఆమే. ముందు గది దాటి, మడతపెట్టిన బట్టల మధ్య నుంచి, వెనక గదిలోకి వెళ్ళి, మంచం పక్కన మోకాళ్ళ మీద కూలబడి సీసాలక్క నోరు తెరిచింది.

అది బయటికి వచ్చింది. దుప్పటి కిందికి దూరి, తన చోట తను సర్దుకుంది. దానితోపాటు ఇంకోటి కూడా పోయింది. సీసాలక్క ఊపిరి తీసుకుంటే గాలి ఆడింది గాని, అందులో ఏమీ లేదు. బొగ్గులు లేవు, మందులు లేవు, ఎముకలు లేవు, కుళ్ళు లేదు. ఇరవై రెండేళ్ళుగా సీసా మూతి దగ్గర పెట్టగానే ఏమిటో చెప్పిన ముక్కు, నీళ్ళతో కడిగిన పలకలా ఉంది.

"ఎవరది?" మంచం మీది మనిషి గోడవైపు నుంచి తల తిప్పాడు. గడ్డం మాసి ఉంది. కళ్ళల్లో కోపం. "ఎవర్నీ రానివ్వద్దని చెప్పానా లేదా?"

"నేనే అన్నయ్యా. సీసాలదాన్ని. కాలు ఒకసారి చూస్తాను."

"ఏం అక్కర్లేదు. వెళ్ళమ్మా. వాసనొస్తుంది."

"నాకేమీ రావడం లేదు అన్నయ్యా."

ఆయన నవ్వాడు, ఏవగింపుగా. ఆ మాట చెప్పినవాళ్ళందరి ముక్కు పుటాలూ ఆయనకు తెలుసు. మోచేతి మీద లేచి, ఆవిడ ముఖంలోకి చూస్తూ, తనే దుప్పటి ఒక్కసారిగా తీసి పారేశాడు. పో, చూడు, చూసి పారిపో అన్నట్టు. కట్టు తడిసి పచ్చగా ఉంది. గుమ్మంలో నిలబడ్డ ఇస్త్రీ ఆమె ఊపిరి బిగబట్టింది.

సీసాలక్క కట్టు ముడి విప్పింది. ఒక్కొక్క పొరా తడి గుడ్డ చర్మాన్ని వదులుతుంటే, కిందికి వంగి, వెలుతురు కోసం తల అటూ ఇటూ జరుపుతూ, ల్యాబులో స్లైడు చూసినంత నింపాదిగా చూసింది. కనుబొమ కదల్లేదు. ముక్కు కదల్లేదు. రొమ్ము మామూలుగా పైకీ కిందికీ ఆడుతోంది. ఆయన ఆ ముఖాన్ని వెతికాడు, మళ్ళీ వెతికాడు. ఆరు నెలలుగా ప్రతి ముఖంలోనూ దొరికింది ఇందులో దొరకలేదు.

"నిజంగానే రావట్లేదా?" అన్నాడు.

"ఒట్టు అన్నయ్యా. ఎముక దాకా పోలేదింకా. వేళ్ళు రెండు పోతాయేమో. ఇవాళ వెళ్తే కాలు మిగులుతుంది."

ఆయన చాలాసేపు కాలికేసి చూశాడు. తను కూడా సరిగ్గా చూసుకోవడం అదే మొదలేమో. తర్వాత భార్య వైపు తిరిగి, కండక్టరు గొంతుతో గద్దించాడు.

"గుమ్మంలో నిలబడి ఏడుస్తావేం? పెట్టెలో బొగ్గులెయ్. చొక్కా ఒకటి ఇస్త్రీ చెయ్యి. ముడతల చొక్కాతో పదిమందిలోకి ఎలా రమ్మంటావు నన్ను?"